యు-234: జపాన్‌కు బయలుదేరిన జర్మన్ జలాంతర్గామిపై అపోహలు, వాస్తవాలు

అపోహ: సరుకు రవాణా కోసమే దీన్ని కట్టారు.

కాదు. ఇది సముద్రంలో మైన్లు (ఓడలను పేల్చే నీటి బాంబులు) పరిచే టైప్ 10బి పడవ. కీల్ నగరంలో తయారై 1944 మార్చి 2న నౌకాదళంలో చేరింది. ముందు భాగంలోని 6 నిలువు గొట్టాల్లో మూడేసి, రెండు పక్కల ఉన్న 24 గొట్టాల్లో రెండేసి, మొత్తం 66 మైన్లు పడతాయి. రవాణాకు మార్చినప్పుడు 12 గొట్టాల్లోకి అదే వ్యాసమున్న సరుకు డబ్బాలు దించారు. మైన్లను పట్టి ఉంచే కొక్కేలే వీటినీ పట్టుకున్నాయి. పై డెక్కులో అదనపు టార్పెడోలు పెట్టే నాలుగు అరల్లోనూ డబ్బాలే. అడుగు భాగంలోనూ సరుకు నింపారు. మొత్తం 240 టన్నులు పడుతుందని అంచనా. డీజిల్, తిండి దానికి అదనం.

అపోహ: ఎన్నో ఓడలను ముంచింది.

ఒక్కటీ లేదు. దీనికున్న టార్పెడో గొట్టాలే రెండు, అవీ వెనక వైపు.

అపోహ: స్నార్కెల్ ఉంది కాబట్టి పైకి రానక్కర్లేదు.

స్నార్కెల్ అంటే మునిగి ఉండగానే ఇంజన్లకు గాలి అందించే గొట్టమే. అల వచ్చి దాని మూత పడగానే డీజిల్ ఇంజన్లు పడవలోని గాలినే లాగేస్తాయి. లోపల పీడనం పడిపోయి సిబ్బందికి చెవులు పోటెత్తుతాయి. 1945 ఏప్రిల్ 15న నార్వేలోని క్రిస్టియాన్‌సాండ్ నుంచి బయలుదేరిన యు-234 మొదటి 16 రోజులు మునిగే నడిచింది. తర్వాత పెద్ద తుపాను వచ్చింది, అందులో దాడి భయం ఉండదని పైకి వచ్చింది. ఆ తర్వాత రాత్రిపూట రెండేసి గంటలు నీటి మీదే నడిచింది.

అపోహ: లొంగిపోయే ముందు జపాన్ అధికారులను సిబ్బందే చంపారు.

జర్మనీ లొంగిపోయాక కెప్టెన్ ఫెహ్లర్ అమెరికన్ల వైపే వెళ్లాలని నిర్ణయించాడు. పడవలో ప్రయాణిస్తున్న జపాన్ అధికారులు తొమొనగా, షోజి బందీలు కావడం ఇష్టంలేక లూమినల్ నిద్రమాత్రలు మింగి చనిపోయారు. వారిని సముద్రంలోనే ఖననం చేశారు. మే 14న అమెరికన్ నౌక సటన్ ఈ పడవను స్వాధీనం చేసుకుంది. మనకు తెలిసిన కథ ఒకటి ఇక్కడ తగులుతుంది: 1943 ఏప్రిల్‌లో మడగాస్కర్ సమీపంలో సుభాష్ చంద్రబోస్, హైదరాబాదీ ఆబిద్ హసన్ జర్మన్ యు-180 నుంచి జపాన్ ఐ-29లోకి మారినప్పుడు, అటు నుంచి ఇటు వచ్చిన ఇద్దరిలో తొమొనగా ఒకడు.

అపోహ: ఇందులోని యురేనియమే హిరోషిమా బాంబు.

ఇది అన్నిటికంటే మొండి అపోహ, లెక్క వేస్తే చాలు. అమెరికా సరుకు జాబితాలో ఉన్నది 560 కిలోల యురేనియం ఆక్సైడ్. అందులో ఆక్సిజన్ తీసేస్తే యురేనియం సుమారు 475 కిలోలు. సహజ యురేనియంలో పేలుడుకు పనికొచ్చే 235 రకం 0.7 శాతమే, అంటే సుమారు 3.3 కిలోలు. హిరోషిమా బాంబులో 80 శాతం దాకా శుద్ధిచేసిన 64 కిలోల యురేనియం ఉంది, అందులో 235 రకమే 50 కిలోల పైమాట. ఈ సరుకంతా కలిపినా పదిహేనో వంతు కూడా రాదు. వేరుచేసేటప్పుడు పోయేది ఇంకా లెక్కలోకే రాలేదు.