రెఫరీని తిట్టే ముందు: ఫుట్‌బాల్‌లో అపోహలు - వాస్తవాలు

రాత్రి ఒంటిగంటన్నరకు మొదలయ్యే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ కోసం మేలుకుని కూర్చుంటే, తీరా ఆఖరి నిమిషంలో పెనాల్టీ ఇచ్చి మన టీమ్‌ను ఓడగొడితే ఒళ్లు మండదా? మండుతుంది. రెఫరీలు తప్పులు చేస్తారు, కొన్నిసార్లు ఘోరంగానే చేస్తారు. కాకపోతే రెఫరీలమైన మాకు పడే తిట్లలో చాలావరకు రూల్‌బుక్‌లో లేని రూల్స్ మీద ఆధారపడినవి. నిజంగా నిలదీయాల్సిన తప్పులేమో వేరేచోట జరుగుతుంటాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు.

అపోహ: ముందు బంతికే తగిలాడు, ఇంక ఫౌల్ ఏంటి?

ఫుట్‌బాల్‌కు ఉన్నవి 17 నియమాలు. ఫౌల్స్ గురించి చెప్పేది 12వది. బంతికి తగిలితే ఫౌల్ కాదని అందులో ఎక్కడా లేదు. ట్యాకిల్ ఎలా చేశాడన్నదే లెక్క. అజాగ్రత్తగా చేస్తే ఫౌల్ ఒక్కటే, కార్డు ఉండదు. ఎదుటివాడికి ఏమవుతుందో అన్న పట్టింపు లేకుండా దూకితే ఎల్లో కార్డు. మితిమీరిన బలంతో, కాలు విరిగే ప్రమాదం ఉండేలా వస్తే రెడ్. ఆ అర సెకనులో రెఫరీ కన్ను వెతికే గుర్తులు ఇవి: కాలు నేలకు ఎంత ఎత్తులో ఉంది, మోకాలు బిగుసుకుని ఉందా మడిచి ఉందా, తగిలింది బూటు పక్క భాగమా, అడుగునుండే స్టడ్సా, తగిలింది పాదానికా చీలమండకు పైనా, ఎంత దూరం నుంచి ఏ వేగంతో వచ్చాడు. బంతిని శుభ్రంగా తన్నాక కూడా అదే ఊపులో స్టడ్స్ పిక్క మీద దిగితే రెడ్ కార్డు తప్పదు.

అపోహ: లాస్ట్ మ్యాన్ ఫౌల్ చేస్తే రెడ్ కార్డే

నియమాల్లో ‘లాస్ట్ మ్యాన్’ అనే మాటే లేదు. స్పష్టమైన గోల్ అవకాశాన్ని ఆపాడా అని చూడటానికి నాలుగు విషయాలు తూచుతారు: గోల్‌కు ఎంత దూరం, ఆట ఏ వైపు పోతోంది, బంతి అతని అదుపులో ఉందా లేదా వచ్చేలా ఉందా, చుట్టూ డిఫెండర్లు ఎందరు, ఎక్కడున్నారు. వెనక ఎవరూ లేకపోయినా స్ట్రైకర్ కార్నర్ జెండా వైపు పరిగెడుతుంటే అది సాధారణంగా రెడ్ కాదు. ఇంకోటి, 2016 నుంచి పెనాల్టీ బాక్సు లోపల బంతి కోసం ప్రయత్నిస్తూ ఫౌల్ చేస్తే పెనాల్టీతో పాటు ఎల్లో మాత్రమే. చొక్కా పట్టుకుని లాగితే మాత్రం రెడ్డే.

అపోహ: చేతికి తగిలితే హ్యాండ్‌బాల్

చెయ్యి ఎక్కడ మొదలవుతుందో నియమమే చెబుతుంది: చంక అడుగుకు సమానంగా గీత గీస్తే దాని కింద భాగం. భుజానికి తగిలితే హ్యాండ్‌బాల్ కాదు. కావాలని తాకినా, శరీరాన్ని అసహజంగా పెద్దది చేసేలా చెయ్యి పెట్టినా తప్పే. గోల్ కొట్టినవాడి చేతికి తగిలి బంతి లోపలికి పోతే, పొరపాటున తగిలినా గోల్ చెల్లదు. తోటి ఆటగాడి చేతికి పొరపాటున తగిలి, తర్వాత వేరేవాడు కొడితే 2021 నుంచి చెల్లుతుంది.

ఇక్కడ అభిమానుల కోపంలో న్యాయం ఉంది. ‘అసహజంగా’ అన్నది తూచే మనిషిని బట్టి మారుతుంది. ఇంగ్లండ్ లీగ్‌లో వదిలేసిన చేతికే ఛాంపియన్స్ లీగ్‌లో పెనాల్టీ ఇస్తుంటారు. ఇది మైదానంలోని రెఫరీ లోపం కాదు, అతనికి పై నుంచి వచ్చిన సూచనల్లోనే తేడా.

అపోహ: వీఏఆర్ ఉన్నాక తప్పు జరిగితే కావాలని చేసినట్టే

వీఏఆర్ (వీడియో చూసి చెప్పే అసిస్టెంట్ రెఫరీ) గదిలో కూర్చున్నవాళ్లు ‘ఏది సరైన నిర్ణయం?’ అని అడగరు. ‘రెఫరీ చేసింది స్పష్టంగా, ఎవరు చూసినా తెలిసేంత తప్పా?’ అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఉన్న తేడాలోనే శని, ఆదివారాల గొడవలన్నీ పుడతాయి. బాక్సులో ఒక మాదిరి తోపులాట జరిగింది అనుకుందాం. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు, వీఏఆర్ మార్చలేదు. పక్క స్టేడియంలో అదే తోపులాటకు ఇంకో రెఫరీ ఇవ్వలేదు, అక్కడా మార్చలేదు. రెండుచోట్లా పద్ధతి ప్రకారమే జరిగింది. చూసేవాడికి మాత్రం తలకాయ తిరుగుతుంది.

2025-26 సీజన్ వరకూ నడిచిన పద్ధతిలో వీఏఆర్ నాలుగు విషయాల్లోనే వేలు పెట్టగలిగేది: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చిన రెడ్ కార్డు, ఒకడికి ఇవ్వాల్సిన కార్డు ఇంకొకడికి ఇవ్వడం. రెండో ఎల్లో కార్డు అందులో ఉండేది కాదు. తప్పుగా ఇచ్చిన కార్నర్ నుంచి గోల్ పడినా ఆ కార్నర్‌ను వెనక్కి తీసుకునే వీలుండేది కాదు. ఆఫ్‌సైడ్ (తోటివాడు బంతి అందించిన క్షణానికి బంతినీ, చివరి నుంచి రెండో ప్రత్యర్థినీ దాటి గోల్‌కు దగ్గరగా ఉండటం), ఫౌల్ బాక్సు లోపలా బయటా, బంతి బయటికి పోయిందా లాంటివి కొలిచి చెప్పే సంగతులు, వాటికి ‘స్పష్టమైన తప్పు’ అనే గడప లేదు. మిగతావి అభిప్రాయాలు కాబట్టి మామూలుగా రెఫరీని మానిటర్ దగ్గరికి పిలుస్తారు. చివరి మాట అతనిదే.

స్లో మోషన్ సంగతీ చెప్పాలి. ఎక్కడ తగిలింది, ఏ భాగానికి తగిలింది అని చూడటానికే స్లో మోషన్ వాడాలని పద్ధతి. దెబ్బ ఎంత గట్టిది, హ్యాండ్‌బాల్ నేరమా కాదా అన్నది మామూలు వేగంలో చూడాలి. ఫోన్లో తిరిగే క్లిప్పులన్నీ స్లో మోషనే. ఆ వేగంలో చూస్తే చిన్న తగులుడు కూడా హత్యాయత్నంలా ఉంటుంది.

మరి నిజంగా నిలదీయాల్సిన తప్పు ఎలా ఉంటుంది? 2023 సెప్టెంబర్ 30, టాటెన్‌హామ్-లివర్‌పూల్ మ్యాచ్. స్కోరు 0-0. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు, అసిస్టెంట్ జెండా ఎత్తాడు, మైదానంలో నిర్ణయం ఆఫ్‌సైడ్. వీఏఆర్ చూశాడు, డియాజ్ ఆన్‌సైడ్‌లోనే ఉన్నాడని సరిగ్గానే గుర్తించాడు. కానీ మైదానంలో గోల్ ఇచ్చారని పొరబడి ‘చెక్ పూర్తయింది’ అన్నాడు. రెఫరీకి అది ఆఫ్‌సైడ్ ఖాయమైనట్టు వినబడింది. టాటెన్‌హామ్ ఫ్రీకిక్ తీసుకుంది. కొన్ని సెకన్లలోనే రీప్లే ఆపరేటర్ తప్పు పసిగట్టి చెప్పాడు. అప్పటికే ఆట మొదలైపోయింది. ఆట తిరిగి మొదలయ్యాక అలాంటి నిర్ణయాన్ని మార్చే వీల్లేదని 5వ నియమం. లివర్‌పూల్ 2-1తో ఓడింది. రెఫరీల సంస్థ తప్పు ఒప్పుకుని, తర్వాత ఆడియో బయటపెట్టింది. చెక్ ఫలితాన్ని పక్కనున్న సహాయకుడితో ఖాయం చేసుకున్నాకే మైదానానికి చెప్పాలని పద్ధతి మార్చింది. కళ్లు బాగానే పనిచేశాయి, కెమెరాలు బాగానే పనిచేశాయి. పోయింది మాట దగ్గర. ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో గట్టిగా పైకి చెప్పించకపోవడం దగ్గర.

అపోహ: గీతలు గీసి కొలిచారంటే మిల్లీమీటర్ కూడా తప్పదు

టీవీ ప్రసార కెమెరాలతో గీతలు గీసే పద్ధతిలో సెకనుకు 50 ఫ్రేములు అనుకోండి. ఒక ఫ్రేముకు, తర్వాతి ఫ్రేముకు మధ్య 0.02 సెకన్లు. సెకనుకు 8 మీటర్లు పరిగెత్తే స్ట్రైకర్ ఆ లోపే 16 సెంటీమీటర్లు జరుగుతాడు. డిఫెండర్ ఎదురు దిశలో పైకి వస్తుంటే తేడా ఇంకా పెరుగుతుంది. బంతి పాదాన్ని తాకిన క్షణం ఏ ఫ్రేములో ఉందన్నది మనిషి ఎంచుకోవాలి. అందుకని గోటి మందంతో ఇచ్చిన ఆ ఆఫ్‌సైడ్‌లను అనుమానించడంలో తప్పులేదు. 2022 ఖతార్ వరల్డ్ కప్‌లో 12 ట్రాకింగ్ కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు గమనించాయి. బంతిలోని సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. తన్నిన క్షణం పట్టుకోవడంలో అసలు మెరుగుదల ఆ సెన్సర్ వల్లే వచ్చింది. ప్రీమియర్ లీగ్‌లో ఈ సగం యంత్రం, సగం మనిషి పద్ధతి 2025 ఏప్రిల్‌లో మొదలైంది.

ఆఫ్‌సైడ్ చోట ఉన్నంత మాత్రాన నేరం కాదన్నది కూడా గుర్తుండాలి. 2023 జనవరి మాంచెస్టర్ యునైటెడ్-సిటీ డెర్బీలో యునైటెడ్ ఆటగాడు రాష్‌ఫర్డ్ ఆఫ్‌సైడ్‌లో ఉండి బంతి వెంటే పరిగెత్తాడు, తాకలేదు. వెనక నుంచి వచ్చి అతని టీమ్‌కే చెందిన బ్రూనో ఫెర్నాండెస్ కొట్టాడు, గోల్ ఇచ్చారు. డిఫెండర్లను రాష్‌ఫర్డ్ ప్రభావితం చేశాడా లేదా అన్నది అభిప్రాయం. అక్కడ రెండు వైపులా వాదించొచ్చు.

అపోహ: బంతి గీత దాటింది, కళ్లకు కనబడుతోంది కదా

బంతి మొత్తం, గీత మొత్తాన్ని దాటాలి, నేల మీదైనా గాల్లోనైనా. బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, అంటే వ్యాసం సుమారు 22. బంతి నేలను తాకే చోటు గీత బయటి అంచుకు 10 సెంటీమీటర్లు అవతల ఉన్నా పైనుంచి చూస్తే బంతి ఇంకా గీత మీదే ఉంటుంది. 2022 వరల్డ్ కప్‌లో స్పెయిన్ మీద జపాన్ రెండో గోల్‌కు ముందు బంతి అలాగే గీత మీదే ఉంది.

అపోహ: బోర్డు మీద 4 అని చూపి 6 నిమిషాలు ఆడించారు, దొంగాట!

బోర్డు మీద చూపేది కనీస సమయం. రెఫరీ దాన్ని పెంచొచ్చు, తగ్గించకూడదు. కార్నర్ పూర్తయ్యాకే విజిల్ వేయాలన్న రూల్ కూడా లేదు. సమయం అయిపోయినా పూర్తి చేయించాల్సింది పెనాల్టీ ఒక్కటే. 1978 వరల్డ్ కప్‌లో స్వీడన్ మీద బ్రెజిల్ కార్నర్ తీసుకుంది, బంతి గాల్లో ఉండగా రెఫరీ క్లైవ్ థామస్ విజిల్ వేశాడు, జీకో హెడర్ లెక్కలోకి రాలేదు. నియమం ప్రకారం అది తప్పు కాదు. ఆ విజిల్‌ను రెండు సెకన్ల ముందు వేసుంటే ఇవాళ్టికీ ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

అపోహ: విజిల్ వేయకుండా, గోడ కట్టుకోనివ్వకుండా ఫ్రీకిక్ కొట్టకూడదు

మన దగ్గర దీని మీద జరిగినంత గొడవ మరోటి లేదు. 2023 మార్చి 3, బెంగళూరు కంఠీరవ స్టేడియం, ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నాకౌట్. ఎక్స్‌ట్రా టైమ్‌లో కేరళ బ్లాస్టర్స్ బంతికి అడ్డంగా ఆటగాళ్ల గోడ సర్దుకుంటుండగానే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌ను ఖాళీ గోల్‌లోకి కొట్టాడు. రెఫరీ గోల్ ఇచ్చాడు. బ్లాస్టర్స్ కోచ్ వుకోమనోవిచ్ టీమ్ మొత్తాన్ని మైదానం నుంచి బయటికి తీసుకెళ్లాడు. గెలుపు బెంగళూరు టీమ్‌కు పోయింది, బ్లాస్టర్స్‌కు 4 కోట్ల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా పడ్డాయి.

13వ నియమం ప్రకారం ఫ్రీకిక్ దక్కిన టీమ్ వెంటనే తీసుకోవచ్చు. 9.15 మీటర్ల దూరం వాళ్ల హక్కు. అది కావాలో వద్దో అడగాల్సింది వాళ్లే, డిఫెన్స్ కాదు. వాళ్లు దూరం అడిగినా, లేదా కార్డు చూపడం, గాయం, సబ్‌స్టిట్యూషన్ వల్ల ఆట ఆగినా అప్పుడు విజిల్ తప్పనిసరి. రెఫరీ విజిల్‌ను పైకెత్తి వేలితో చూపిస్తాడు, ‘ఇది మోగేదాకా ఆగు’ అని. కీపర్లకు మేం చెప్పేది ఒకటే: ఆ సైగ చూడకుండా గోడ సర్దడానికి పోస్టు దగ్గరికి పోవద్దు. గోడను మిడ్‌ఫీల్డర్ సర్దాలి, నీ కళ్లు బంతి మీదే ఉండాలి. బంతి ముందు అడ్డంగా నిలబడి ఆలస్యం చేసినా ఎల్లో పడుతుంది. రెఫరీలకూ ఒక మాట ఉంది. దూరం కొలవడం మొదలుపెడితే సైగ ముందే, అందరికీ కనబడేలా చేయాలి. మనసులో అనుకుంటే సరిపోదు.

అపోహ: అన్ని ఛాన్సులు మావే, రెఫరీ వల్లే ఓడాం

2022 వరల్డ్ కప్‌లో మొరాకో మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చి 0-0తో ముగించి, షూటౌట్‌లో ఒక్క పెనాల్టీ కూడా వేయలేక ఇంటికి పోయింది. బంతి దగ్గర ఉండటం వేరు, గోల్ దగ్గర ఉండటం వేరు. ఇప్పుడు అందరూ చూసే ఎక్స్‌జీ (ఒక్కో షాట్ గోల్ అయ్యే అవకాశాన్ని కూడితే వచ్చే) అంకెనూ తప్పుగా చదువుతున్నారు. 0.1 విలువ ఉన్న షాట్లు 20 కొడితే మొత్తం 2.0 వస్తుంది. అయినా ఒక్కటీ పడకపోయే అవకాశం నూటికి సుమారు 12. అంటే ఎనిమిది మ్యాచ్‌లకు ఒకసారి అలాంటి రాత్రి వస్తుంది, రెఫరీ ఏమీ చేయకుండానే.

అపోహ: రెఫరీ అమ్ముడుపోయాడు

అమ్ముడుపోయినవాళ్లు ఉన్నారు. జర్మనీలో రాబర్ట్ హోయ్‌జర్ బెట్టింగ్ ముఠా కోసం మ్యాచ్‌లు తారుమారు చేసి 2005లో జైలు శిక్ష పొందాడు. అలాంటి కేసులు తేలేది డబ్బు, ఫోన్లు, పందేల లెక్కల దగ్గర. ఒక్క పెనాల్టీ వీడియో చూసి తేల్చలేం. అంతకంటే మామూలుగా ఉండేది సొంత మైదానం ఒత్తిడి. 2020లో ఖాళీ స్టేడియాల్లో జరిగిన మ్యాచ్‌లను పరిశీలించినప్పుడు, బయటి టీమ్‌కు కార్డులు ఎక్కువ పడే అలవాటు తగ్గినట్టు తేలింది. ఎవరూ కొనకుండానే జనం అరుపులకు చెయ్యి అటు వంగుతుంది. శిక్షణలో దీని మీద పెట్టాల్సినంత శ్రద్ధ పెట్టడం లేదు.

అపోహ: అంత పెద్ద తప్పు జరిగితే మ్యాచ్ మళ్లీ పెట్టాలి

ఆటలోని వాస్తవాల మీద రెఫరీ నిర్ణయం అంతిమం. ఫౌల్ అవునా కాదా, గోల్ అవునా కాదా అన్నవాటి మీద అప్పీలు సాధారణంగా నిలవదు. నియమాన్నే తప్పుగా అమలు చేస్తే మాత్రం కథ వేరు. మీ జిల్లా టోర్నీలో నిరసన పత్రం రాసేటప్పుడు కూడా ఈ తేడా చూసుకోండి: ‘రెఫరీ ఫౌల్ చూడలేదు’ అని రాస్తే పక్కన పడేస్తారు, ‘ఫలానా నియమం ప్రకారం పెనాల్టీ మళ్లీ కొట్టించాలి, కొట్టించలేదు’ అని రాస్తే చదువుతారు.

2005 సెప్టెంబర్‌లో ఉజ్బెకిస్తాన్-బహ్రెయిన్ వరల్డ్ కప్ క్వాలిఫయర్ అలాగే రద్దయింది. ఉజ్బెకిస్తాన్ పెనాల్టీని గోల్ చేసింది, వాళ్ల ఆటగాడే ముందుగా బాక్సులోకి దూరాడు. మళ్లీ కొట్టించాల్సింది పోయి రెఫరీ బహ్రెయిన్‌కు ఇండైరెక్ట్ ఫ్రీకిక్ ఇచ్చాడు. 1-0తో గెలిచి కూడా ఉజ్బెకిస్తాన్ ఫిర్యాదు చేసింది, 3-0 విజయం రాసిమ్మని అడిగింది. ఫిఫా మ్యాచ్‌నే రద్దు చేసి మళ్లీ ఆడించింది. తాష్కెంట్‌లో 1-1, బహ్రెయిన్‌లో 0-0. ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్ లెక్కన బహ్రెయిన్ ముందుకెళ్లింది.