గాల్‌బ్లాడర్ రాళ్లు: లోపలి పొర మారే కథ

గాల్‌బ్లాడర్ (పిత్తాశయం, అంటే పైత్యరసం నిల్వ ఉండే చిన్న సంచి) ఆపరేషన్ అయ్యాక చాలాచోట్ల ఇంటివాళ్ల చేతికి చిన్న డబ్బాలో రాళ్లు ఇస్తారు. అందరి కళ్లూ వాటి మీదే. ఫార్మలిన్‌లో వేసి ల్యాబ్‌కి పంపిన సంచి సంగతి, వారం తర్వాత రిపోర్టులో 'మెటాప్లాసియా' అని కనబడి టెన్షన్ పడేదాకా, ఎవరికీ గుర్తుండదు.

1777లోనే వియన్నా వైద్యుడు మాక్సిమిలియన్ స్టోల్ శవపరీక్షల్లో పిత్తాశయ క్యాన్సర్ చూసి రాశాడు. బతికున్న మనిషి నుంచి సంచి మొత్తం తీయడం మాత్రం 1882 జూలై 15న, బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్‌తో మొదలైంది. అంతకుముందు సంచి కోసి, రాళ్లు ఏరి వదిలేసేవారు. రాళ్లు పుట్టేదే అందులో కాబట్టి అదే పోవాలన్నాడాయన. ఆ తర్వాతే పరీక్షకు ఇన్ని సంచులు దొరికాయి.

రాయి ఏళ్ల తరబడి ఒరుసుకుంటూ, వాపు వచ్చి తగ్గి మళ్లీ వస్తూ ఉంటే లోపలి కణాలు వేషం మారుస్తాయి. ముందు జీర్ణాశయంలో మాదిరి జిగురు గ్రంథులు వస్తాయి, కొందరిలో పేగు కణాలూ కనిపిస్తాయి. ఇదే మెటాప్లాసియా. రాళ్లున్న సంచుల్లో ఇది మామూలే, క్యాన్సర్ కాదు. కణాల ఆకారం, వరస చెదిరితే డిస్‌ప్లాసియా, భయపడాల్సింది అక్కడ. అది క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. రాళ్లున్నవాళ్లలో ఎక్కువమంది అంతదాకా వెళ్లరు.

రాయి సైజుకూ లెక్క ఉంది. సెంటీమీటరు లోపు రాళ్లున్నవాళ్ల కంటే 3 సెంటీమీటర్లు, అంతకు మించిన రాయి ఉన్నవాళ్లకు క్యాన్సర్ ముప్పు దాదాపు పది రెట్లని 1983లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. ఈ క్యాన్సర్ బెడద ఎక్కువున్న చిలీ, 35-49 ఏళ్లవాళ్లకు లక్షణాలున్న రాళ్ల ఆపరేషన్‌ను నివారణ చర్యగా 2006లో ప్రభుత్వ హామీ పథకంలో చేర్చింది.

మన దేశంలో గంగా తీరం ఈ క్యాన్సర్‌కు పేరుమోసింది. దక్షిణాదిలో, మన రెండు రాష్ట్రాల్లోనూ, అంతకంటే బాగా తక్కువ. అందుకని ఇక్కడ సంచిని ల్యాబ్‌కి పంపకుండా ఖర్చు మిగుల్చుకోవచ్చా? యూరప్‌లో కొందరు సర్జన్లు అనుమానం ఉన్నవే పంపుతామంటున్నారు. నాకైతే అది ఇక్కడికి పనికొచ్చే పొదుపు అనిపించదు. కంటికి మామూలుగా కనిపించిన సంచిలోనూ అప్పుడప్పుడు క్యాన్సర్ బయటపడుతుంది. అది లోపలి పొర వరకే ఉంటే చేసిన ఆపరేషన్ చాలు. కండరంలోకి దిగితే మళ్లీ ఆపరేషన్ చేసి, కాలేయంలో కొంత భాగం, చుట్టుపక్కల లింఫ్ గ్రంథులు తీయాల్సి రావచ్చు.