ఒక్క అడుగులో మాయమైన చెట్టు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. సెలవులు అయ్యాక చేరబోయే కొత్త బడికి దారి ఎలా ఉంటుందో చూద్దామని మీరంతా గూగుల్ పటాల్లో వీధులను ఫోటోలుగా చూపించే స్ట్రీట్ వ్యూ తెరిచారనీ, బాణం గుర్తు నొక్కుకుంటూ ముందుకు పోతుంటే మలుపులో ఉన్న పెద్ద చెట్టు ఒక్క అడుగులో మాయమైపోయిందనీ, తడిసి ఉన్న రోడ్డు కూడా అదే అడుగులో పొడిగా మారిందనీ, ఒక అడుగు వెనక్కి వేస్తే చెట్టూ తడీ రెండూ తిరిగి వచ్చేశాయనీ రాశారు. చివర "తాతయ్యా, ఇంతకీ చెట్టు ఉన్నట్టా లేనట్టా? పటం అబద్ధం చెబుతుందా?" అని అడిగారు. ఈ ప్రశ్న నాకు ఎంతగా నచ్చిందంటే, రెండు రోజుల పాటు ఏ పని చేస్తున్నా అదే చెట్టు కళ్ళ ముందు నిలబడింది.

మా అమ్మమ్మ బొంతలు కుట్టేది. ఇంట్లో చిరిగిన గుడ్డ ఏదీ ఆమె పారేయనిచ్చేది కాదు. పొట్టిదైపోయిన నా చొక్కా, మామయ్య పాత దుప్పటి, పిన్ని చిన్నప్పటి గౌను, ఎండకు వెలిసిపోయిన కిటికీ తెర, ఇవన్నీ ముక్కలై ఒకే బొంతలో పక్కపక్కన చేరేవి. దాని మీద పడుకుని ఒక ముక్క మీది నుంచి మరో ముక్క మీదికి వేలు జరిపితే, ఆ వేలు ఒక్క కుట్టు దాటగానే నా చిన్నతనం నుంచి పిన్ని చిన్నతనానికి వెళ్ళిపోయేది. రెండు గుడ్డలూ నిజమే, అయితే రెండూ ఒకే కాలానివి కావు. మీరు చూసిన వీధి అచ్చంగా అలాంటి బొంత.

దాన్ని కుట్టే తీరు చెబుతాను. పైన నలువైపులా చూసే కెమెరాలు బిగించిన కారు ఒకటి వీధి వెంట పోతూ, కొన్ని మీటర్లకొకసారి అన్ని దిక్కుల ఫోటోలూ ఒకేసారి తీస్తుంది. ఆ ఫోటోల అంచులను ఒకదానికొకటి అతికించి, మన చుట్టూ తిరిగి చూడగలిగే గుండ్రని చిత్రంగా తయారుచేస్తారు. ఆ సమయంలో కారు ఎక్కడుందో ఆకాశంలోని జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను బట్టి లెక్కగట్టి, ఫోటోతో పాటు రాసి పెడతారు. 2007 మే నెలలో అమెరికాలోని అయిదు నగరాలతో గూగుల్ ఈ పని మొదలుపెట్టింది. మీ బడి దారిలో ఒకసారి కారు వాన వెలిసిన రోజున వచ్చి ఉంటుంది, మరోసారి ఎప్పుడో ఎండ కాస్తున్న రోజున అడ్డ వీధిలోంచి వచ్చి ఉంటుంది. ఆ రెండు ప్రయాణాలూ కలిసిన చోటే కుట్టు పడింది. మీ చెట్టు ఆ కుట్టుకు ఒక పక్కన ఉంది, రెండో పక్కన లేదు. కనుక పటం అబద్ధం చెప్పలేదు, రెండు వేర్వేరు రోజుల నిజాలను పక్కపక్కన పెట్టి మీకు చూపించింది. అవి ఏ రోజులో తెలుసుకోవడం మాత్రం చూసేవారి పని.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నాకు పదేళ్ళప్పుడు మా నాన్న నన్ను ఒక బంధువుల ఇంటికి ఒంటరిగా పంపాడు. ఒక కాగితం మీద దారి రాసిచ్చి, బస్సు దిగాక తిన్నగా నడవమనీ, పెద్ద మర్రిచెట్టు వచ్చాక ఎడమ చేతి వైపు తిరగమనీ చెప్పాడు. నేను నడుస్తూనే ఉన్నాను, మర్రిచెట్టు రాలేదు. ఇళ్ళు అయిపోయాయి, పొలాలు వచ్చాయి, పొద్దు కుంకుతోంది. ఎదురొచ్చిన ఒక ముసలాయనకు కాగితం చూపిస్తే ఆయన చదివి, కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడి, "ఆ చెట్టు గాలివానకు పడిపోయి ఆరేళ్ళయింది, బాబూ" అన్నాడు. తరవాత నన్ను వెంటబెట్టుకుని వెనక్కి నడిపించి, ఆ మలుపు దాకా తెచ్చి దిగబెట్టాడు. అక్కడ చెట్టు లేదు కాని, దాని కింద ఒకప్పుడు వేసిన రాతి అరుగు అలాగే ఉంది. వచ్చేటప్పుడు దాన్ని నేను చూశాను, కాని కాగితంలో లేదు కదా అని లెక్కచేయలేదు. మా నాన్న అబద్ధం రాయలేదు, ఆయన మనసులో ఆ చెట్టు ఇంకా నిలబడే ఉంది. ఆ కాగితం మీద తేదీ ఉండి ఉంటే నేను ఇంత అవస్థ పడేవాణ్ణి కాదేమో.

ఇప్పటి వీధి చిత్రాల మీద ఆ తేదీ ఉంటుంది. మూలన చిన్న అక్షరాలతో నెల, సంవత్సరం కనబడతాయి, తొందరలో మనం వాటిని చదవము. 2014 నుంచి గూగుల్ వీధి చిత్రాలలో పాత తేదీలవి ఉన్న చోట వాటిని కూడా తెరిచి చూసే వీలు కలిగింది. మీరు మళ్ళీ ఆ మలుపు దగ్గరికి వెళ్ళి, కుట్టుకు ఇటు పక్క తేదీ ఒక కాగితం మీద, అటు పక్క తేదీ మరో కాగితం మీద రాసుకోండి. చెట్టు లేని చిత్రం ముందుదైతే తరవాత ఎవరో నాటారని అనిపించవచ్చు, అయితే చెట్టు మరీ పెద్దదిగా ఉండి సంవత్సరాల తేడా కొద్దిగానే ఉంటే ఆ మాట నిలవదు. చెట్టు ఉన్న చిత్రమే ముందుదైతే దాన్ని కొట్టేశారో, గాలికి పడిపోయిందో ఆలోచించాలి. ఇలా ఆలోచించడమే పటం చదవడం.

పైనుంచి చూపించే ఉపగ్రహ పటం కూడా బొంతే. ఒక ముక్క విమానం నుంచి తీసింది, ఒక ముక్క ఉపగ్రహం తీసింది, మబ్బు కమ్మిన ముక్కను తీసేసి మబ్బులేని మరో రోజు ముక్కను అక్కడ అతికిస్తారు. అందుకే ఒకే నది సగం నిండుగా, సగం ఎండిపోయి కనిపించవచ్చు. ఈ బొంతతో మరో చిక్కు కూడా ఉంది. భూమి కుండలా గుండ్రంగా ఉంటే, తెర నేలలా చదునుగా ఉంది. కుండకు చుట్టిన గుడ్డను తీసి నేల మీద చదునుగా పరవాలంటే ఎక్కడో ఒకచోట లాగక తప్పదు. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడలు నడిపేవారికి దిక్కులు తప్పకుండా ఉండాలని, ధ్రువాల వైపు పోయేకొద్దీ గుడ్డను రెండు వైపులా లాగి పటం గీశాడు. చాలా ఆన్‌లైన్ పటాలు నేటికీ కొద్ది మార్పుతో ఆ పద్ధతినే వాడుతున్నాయి. వాటిలో గ్రీన్లాండ్ ఆఫ్రికా అంత పెద్దదిగా కనబడుతుంది. నిజానికి గ్రీన్లాండ్ వైశాల్యం దాదాపు 21 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికాది 3 కోట్లకు పైగా. మీ దగ్గర గ్లోబు ఉంటే దాని మీద రెండింటినీ పలచని కాగితంతో ఎత్తి గీసి, కత్తిరించి, ఒకదాని మీద మరొకటి పెట్టి చూడండి. ఇంతకన్నా చెప్పాలంటే లెక్కలు కావాలి, అవి మీరు పెద్దయ్యాక నేర్చుకుంటారు.

బొంతలో ఖాళీలు కూడా ఉంటాయి. 2010 జనవరి 12న హైతీ దేశంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు, ఆన్‌లైన్ పటాల్లో దాని రాజధాని పోర్టో ప్రిన్స్ వీధులు సరిగా లేవు. అప్పుడు ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో తమ ఇళ్ళలో కూర్చుని, ఉపగ్రహ చిత్రాలను చూస్తూ ఒక్కొక్క వీధినీ, ఒక్కొక్క కూలిన ఇంటినీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీశారు. 2004లో మొదలైన ఆ పటాన్ని ఎవరైనా గీయవచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కొద్ది రోజుల్లోనే ఆ వీధులు సహాయానికి వెళ్ళినవారి చేతుల్లో ఉన్నాయి. ఎన్నడూ చూడని ఊరి కోసం రాత్రంతా మేలుకుని గీతలు గీసిన ఆ మనుషులను తలుచుకుంటే, దీపం దగ్గర కళ్ళు చికిలించి సూది ఆడించే మా అమ్మమ్మే నాకు గుర్తుకు వస్తుంది. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవులలో మరో వింత జరిగింది. మనుషుల కన్నా గొర్రెలే ఎక్కువగా ఉండే ఆ దీవుల వీధి చిత్రాలు లేవని, 2016లో ఒక ఆమె గొర్రెల వీపులకు కెమెరాలు కట్టి కొండల మీద వదిలింది. ఆ గొర్రెలు మేస్తూ తీసిన చిత్రాలు లోకమంతా చూసింది, ఆ తరవాత గూగుల్ కూడా అక్కడికి వెళ్ళింది.

ఇప్పుడు సరూ బ్రియర్లీ సంగతి చెబుతాను. 1986లో, అయిదేళ్ళ వయసులో, ఆ పిల్లవాడు అన్నతో కలిసి రైల్వే స్టేషనుకు వెళ్ళి, ఆగి ఉన్న రైల్లో నిద్రపోయాడు. కళ్ళు తెరిచేసరికి రైలు కదులుతోంది, చివరికి అది అతన్ని కలకత్తాలో దింపింది. అతనికి తన ఊరి పేరు సరిగా పలకడం కూడా రాదు. ఆస్ట్రేలియాలోని ఒక కుటుంబం అతన్ని దత్తత తీసుకుని పెంచింది. పెద్దవాడయ్యాక అతను, భూమిని ఉపగ్రహ చిత్రాలతో చూపించే గూగుల్ ఎర్త్ ముందు కూర్చున్నాడు. రైల్లో ఎంతసేపు ఉన్నాడో గుర్తు చేసుకుని, రైలు వేగంతో హెచ్చించి, కలకత్తా చుట్టూ ఒక వలయం ఊహించుకుని, అక్కడి నుంచి బయలుదేరే రైలు పట్టాల వెంట తెర మీదే రాత్రుళ్ళు ప్రయాణం చేశాడు. అతని దగ్గర ఉన్న ఆనవాళ్ళు స్టేషను పక్కన ఒక నీళ్ళ ట్యాంకు, పట్టాల మీదుగా ఒక వంతెన, చిన్నప్పుడు ఆడుకున్న నీటి ఒడ్డు, అంతే. 2011లో ఒక రాత్రి అవి తెర మీద కనబడ్డాయి. వాటి వెంటే ముందుకు పోతే మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా వచ్చింది, ఆ మరుసటి ఏడు అతను అక్కడికి వెళ్ళి తల్లిని కలుసుకున్నాడు. అతని దగ్గరున్న పటం లోకంలో అందరి దగ్గరా ఉన్నదే. అయితే, చిన్నప్పుడు ఆ ఊరిని కళ్ళారా చూసి మనసులో దాచుకున్న నీళ్ళ ట్యాంకూ వంతెనా లేకపోతే, ఆ పటంలో అతనికి దొరికేది ఏముంది?

మీరూ ఇలాంటి ఆట ఆడవచ్చు. ఒకరు కళ్ళు మూసుకుంటే మరొకరు ఏదో ఒక దేశపు వీధిని తెరవాలి, పేర్లు చూడకుండా అది ఎక్కడిదో కనిపెట్టాలి. నీడలతో మొదలుపెట్టండి. కర్కాటక రేఖకు ఉత్తరాన ఉన్న చోట్ల మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరం వైపే పడుతుంది, మకర రేఖకు దక్షిణాన ఉన్న చోట్ల దక్షిణం వైపే పడుతుంది. దిక్కు చెప్పే ముల్లు తెర మీదే ఉంటుంది. ఒక నీడను చూసి సగం ప్రపంచాన్ని పక్కన పెట్టవచ్చని తెలిసిన రోజున నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. పెద్ద శాస్త్రవేత్తలు చేసేదీ ఇలాంటి పనే. 2009లో బ్రిటన్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాలో అంతవరకూ ఎవరికీ తెలియని ఎంపరర్ పెంగ్విన్‌ల స్థావరాలను ఉపగ్రహ చిత్రాల్లో పట్టుకున్నారు. అంత ఎత్తు నుంచి పక్షి కనబడదు, తెల్లని మంచు మీద వాటి రెట్టల మరక మాత్రం గోధుమ రంగులో కనబడుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. వీధి చిత్రాల్లో మనుషుల ముఖాలనూ బండ్ల నంబర్లనూ మసకబారుస్తారు, ఎందుకంటే దారిన పోయేవారు తమను ఫోటో తీయమని ఎవరినీ అడగలేదు. కనుక మీరు వీధిలో ఫోటో తీసినా అదే మర్యాద పాటించండి, మీరు ఎక్కడున్నారో ఆ నిమిషాన అపరిచితులకు తెలిసేలా ఎక్కడా పెట్టకండి.

ఇక మీ చెట్టు సంగతి. బడి తెరవకముందే ఒక ఉదయం పెద్దవారెవరినైనా తోడు తీసుకుని ఆ దారిన నడిచి వెళ్ళండి. ముందు రోజు రాత్రి వీధి చిత్రం చూసి, ఎక్కడ రోడ్డు దాటాలో, బడి గేటు ఏ పక్కన ఉందో, మెట్లు ఎక్కలేని పిల్లలు లోపలికి వెళ్ళడానికి వాలు దారి ఉందో లేదో ఒక కాగితం మీద గీసుకోండి. దాని మీద తేదీ తప్పకుండా వేయండి. మలుపు దగ్గర రోడ్డు పక్కగా నిలబడి, ఆ కాగితాన్నీ ఎదుట ఉన్నదాన్నీ పోల్చి చూడండి. కారు మీది కెమెరా మీ తలల కన్నా బాగా ఎత్తు నుంచి చూస్తూ, ఆగకుండా వెళ్ళిపోయింది. మీరు కిందికి వంగి చూడగలరు. చెట్టు లేకపోతే మొదలు మిగిలిందేమో, మొదలు ఉంటే దాని పక్క నుంచి చిగురు ఏదైనా లేచిందేమో చూడండి. ఆకు ఎలా ఉందో బొమ్మ గీసి నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య