ఒక్క ఫొటోకి అరగంట వెలుగు: ఖగోళ ఫొటోగ్రఫీపై అపోహలు - వాస్తవాలు

మా ఖగోళ క్లబ్బు అప్పుడప్పుడు పాఠశాలల్లో ఫొటోల ప్రదర్శన పెడుతుంది. ఓరియన్ నెబ్యులా (నీహారిక, అంటే అంతరిక్షంలోని వాయు మేఘం) ఫొటో ముందు జనం ఎక్కువసేపు ఆగుతారు. ప్రతిసారీ అవే రెండు ప్రశ్నలు వస్తాయి. "ఈ కెమెరా ఎంతవుతుంది?" అనేది ఒకటి, "ఈ రంగులు నిజమేనా?" అనేది రెండోది. మొదటిది అడిగినవారు ఇదంతా డబ్బున్నవారి వ్యవహారమని అనుకుంటారు. రెండోది అడిగినవారు ఇది కంప్యూటర్లో తయారుచేసిన బొమ్మేమోనని అనుమానపడతారు. పదేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాలని ఉంటుంది. ఆ ఫొటోలో ఉన్నదంతా ఒక డిసెంబరు రాత్రి పొలం గట్టున అరగంట పాటు చినుకు చినుకుగా పట్టుకున్న వెలుగే.

అపోహ: లక్షలు పోస్తేగానీ మొదలుపెట్టలేం

ఇంట్లో పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, కదలని ట్రైపాడ్ ఉంటే ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. దీనికి ఒక మోటు లెక్క ఉంది. లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె) 500ను భాగించండి. చిన్న సెన్సరు కెమెరా అయితే ఫోకల్ లెంగ్త్‌ను ముందు 1.5తో గుణించండి. అలాంటి కెమెరాలో 18 మి.మీ. లెన్సుకు సుమారు 18 సెకన్లు వస్తుంది. ఇప్పటి కెమెరాలకు ఆ లెక్క కాస్త ఉదారమైనదే. 12 సెకన్ల దగ్గర ఆగితే చుక్క చుక్కలాగే ఉంటుంది. కృత్తికలు, వృశ్చికం, పాలపుంత అన్నీ ఈ మాత్రం సరంజామాతోనే వస్తాయి.

ఆ తర్వాత డబ్బు పెట్టాలనుకుంటే టెలిస్కోపు కంటే ముందు ట్రాకర్ కొనమంటాను. భూమి తిరిగే వేగానికి సరిగ్గా ఎదురు దిశలో కెమెరాను తిప్పే చిన్న యంత్రం అది. దాని ఇరుసును ఆకాశ ధ్రువం వైపు, అంటే చుక్కలన్నీ దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయో ఆ బిందువు వైపు గురిపెట్టాలి. తెలుగువారికి అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. ధ్రువ నక్షత్రం మీ ఊరి అక్షాంశమెంతో అంతే ఎత్తులో ఉంటుంది. హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల పైచిలుకు. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది దాదాపు 10 డిగ్రీలు కప్పుతుంది. అంటే ఉత్తర దిక్కున నేలకు రెండు పిడికిళ్ల ఎత్తు కూడా లేదన్నమాట. మేం శ్రీశైలం దారిలో డిండి దాటాక కెమెరాలు పెడతాం. అక్కడి నుంచి హైదరాబాద్ దాదాపు ఉత్తరాన, నగరం కాంతి గోపురంలా లేచే చోటే ఉంటుంది. ఆ మసకలోనే ధ్రువుణ్ని పట్టుకోవాలి. పైగా ధ్రువ నక్షత్రం అసలు ధ్రువ బిందువు మీద లేదు, అర డిగ్రీకి కాస్త ఎక్కువే పక్కకు ఉంది. కొత్తవారు ఓపిక కోల్పోయేది ఈ పని దగ్గరే. రెండు రాత్రులు ఎవరైనా పక్కన నిలబడి చూపిస్తే చేతికి అలవాటైపోతుంది.

అపోహ: ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తే అంత మంచి టెలిస్కోపు

పెట్టె మీద "525 రెట్లు" అని రాసి ఉంటే ఆ పెట్టెను అక్కడే వదిలేయండి. లెన్సు వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే పెద్దది చేయడం సాధ్యం, ఆ పైన కనిపించేది అలుక్కుపోయిన మసకే. ఫొటోలకైతే ఆ సంగతీ అనవసరం. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ మన ఆకాశంలో ఆరు నిండు చంద్రుళ్లను పక్కపక్కన పేర్చినంత వెడల్పు ఉంటుంది. అది కంటికి పూర్తిగా ఆననిది మసకగా ఉండడం వల్లే తప్ప చిన్నదిగా ఉండడం వల్ల కాదు.

అపోహ: ఆ రంగులు పూసినవి, ఆ ఫొటోలు అతికించినవి

ఈ అనుమానం సహజం. టెలిస్కోపులో కన్ను పెట్టి ఓరియన్ నెబ్యులాను చూస్తే బూడిద రంగు పొగలా ఉంటుంది, ఫొటోలో గులాబీ ఎరుపు. తేడా మన కంటిలో ఉంది. మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలకు రంగు తెలియదు. వెన్నెల్లో పట్టు చీర రంగు చెప్పలేకపోవడం మనకు తెలిసినదే. కెమెరాకు ఆ ఇబ్బంది లేదు, పైగా అది వెలుగును కూడబెట్టుకోగలదు. వేడెక్కిన హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర వెలువరించే కాంతి నిజంగానే ఎరుపు. మామూలు కెమెరాలో సెన్సరు ముందుండే వడపోత ఆ ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది కూడా. అందుకే మాలో కొందరు దాన్ని తీయించేస్తారు.

రంగులు మార్చే పద్ధతి కూడా ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు ఫొటోలలో చూసే బంగారు, నీలి ఛాయల్లో గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయిస్తారు. గంధకం, హైడ్రోజన్ రెండూ ఎరుపే కాబట్టి విడదీసి చూపడానికి చేసిన ఏర్పాటు అది. అలా చేసినప్పుడు కింద రాయాలి. గుడి గోపురం వెనుక పది రెట్ల చంద్రుణ్ని అతికించి రాయకపోవడం మోసం. మా ప్రదర్శనలో ప్రతి ఫొటో కింద ఎన్ని సెకన్లు, ఎన్ని ఫ్రేములు (విడి ఫొటోలు), ఏ లెన్సు అన్నది ఉంటుంది. అది లేని ఫొటోను గోడకెక్కించం. కొన్ని ఫోన్లు చంద్రుణ్ని గుర్తుపట్టి తమంతట తామే వివరాలు చేరుస్తాయి, అందుకని ఫోన్ జూమ్‌తో తీసిన చంద్రుణ్ని కూడా ప్రదర్శనకు తీసుకోం.

ఇక "అతికించడం" సంగతి. ఒక్కొక్కటి 15 సెకన్ల చొప్పున తీసిన 120 ఫొటోలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తాం. దీన్ని స్టాకింగ్ అంటారు. జాతరలో తప్పిపోయినప్పుడు మీ అమ్మ దూరం నుంచి పేరు పెట్టి పిలిచిందనుకోండి. ఒక్క పిలుపు ఆ గోలలో వినబడదు. చుట్టూ ఉన్న గోల ప్రతిసారీ వేరుగా ఉంటుంది, పిలుపు మాత్రం అదే. వందసార్లు విన్నాక పేరు స్పష్టంగా తెలుస్తుంది. సెన్సరు గరుకుదనం ఆ గోల, నీహారిక ఆ పిలుపు. ఫ్రేముల సంఖ్య వర్గమూలం మేరకు ఫొటో శుభ్రపడుతుంది. 4 ఫ్రేములకు రెండింతలు, 100 ఫ్రేములకు పదింతలు. డీప్‌స్కైస్టాకర్, సిరిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లే ఈ పని చేస్తాయి. లేనిదాన్ని అవి పుట్టించవు.

ఇందులో అందరూ ఎగ్గొట్టే పని ఒకటుంది. తెల్లవారేముందు కెమెరాను లెన్సుతో సహా ఫోకస్ కదల్చకుండా ఆకాశం వైపు తిప్పి, లెన్సు మీద తెల్లటి పంచె ముక్క ముడతల్లేకుండా బిగించి, రెండు మూడు పదుల ఫొటోలు తీస్తాం. వీటిని ఫ్లాట్స్ అంటారు. చూడడానికి ఉత్త బూడిద రంగు. కానీ లెన్సు అంచుల మసక, సెన్సరు మీది ధూళి మచ్చలు అన్నీ వాటిలో నమోదవుతాయి, ఆ మేరకు అసలు ఫొటోను సరిచేయవచ్చు. మూత పెట్టి అదే వ్యవధితో, అదే చలిలో తీసేవి డార్క్స్. ఒకసారి నిద్రమత్తులో ఫ్లాట్స్ తీయకుండా సర్దేశాను. మూడు గంటల శ్రమకు నడిమధ్య ఉంగరంలాంటి ధూళి మచ్చ మిగిలింది.

అపోహ: చంద్రుణ్ని పౌర్ణమి నాడే తీయాలి

నిండు చంద్రుడి మీద నీడలు పడవు, నడి మధ్యాహ్నం తీసిన ముఖంలా చప్పగా ఉంటాడు. శుక్ల సప్తమి, అష్టమి రాత్రులు తీయండి. వెలుగు చీకట్లు కలిసే గీత వెంట అపెనైన్ పర్వతాలు, టాలెమీ బిలం పొడుగాటి నీడలతో లేచి నిలబడతాయి. టైకో బిలం నుంచి చిమ్మిన తెల్లటి చారలు కావాలంటే మాత్రం పౌర్ణమే సరైనది.

నీహారికలకు, పాలపుంతకు అమావాస్య కావాలి. అమావాస్య రాత్రి ఊరి బయటకు వెళ్తామంటే మా అమ్మ మొదట్లో ఒప్పుకునేది కాదు. ఒక మార్చి అమావాస్యకు ఆమెనే తీసుకెళ్లాను. తెల్లవారుజామున వృశ్చికం వెంట పాలపుంత లేస్తుంటే చాప మీద పడుకుని చూసింది. ఆ తర్వాత పంచాంగంలో అమావాస్య ఎప్పుడో నాకంటే ముందు ఆమే చూసి చెబుతోంది.

అపోహ: నగరంలో ఏమీ రాదు, మంచి ఆకాశం హిమాలయాల్లోనే

చంద్రుడు, గ్రహాలు, జంట తారలు అపార్ట్‌మెంట్ డాబా మీద నుంచే వస్తాయి. గురుగ్రహానికి నగర కాంతి అడ్డం కాదు, గాలి అలజడే అడ్డం. అందుకే వీడియో తీసి, వేల ఫ్రేముల్లో గాలి నిలకడగా ఉన్న క్షణాలను మాత్రమే ఏరుకుంటాం.

లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం గొప్పదే, కాదనను. మన ఆకాశానికి ఉన్న సౌకర్యం మాత్రం వేరు. ఒమేగా సెంటారీ అనే మహా తారాగుచ్ఛం ఏప్రిల్ నడిరాత్రి డిండి దగ్గర దక్షిణాన 26 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్ వాసులకు అది ఎప్పటికీ ఉదయించదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మబ్బులు మింగేస్తాయి, నిజమే. మిగిలిన నెలలు చాలు.

నిజంగా అడ్డొచ్చేది పైకి చిమ్మే దీపాలు. మేం కెమెరాలు పెట్టే పొలం పక్కన మోటారు షెడ్డుకు పెద్ద బల్బు ఉండేది. ఆపమని అడిగితే ఆ రైతు, "అడవి పందులు పడతాయి బాబూ, ఎలా ఆపను?" అన్నారు. ఆయన చెప్పింది న్యాయమే. అక్కడే ఉన్న రేకు ముక్కను గొడుగులా వంచి బల్బు పైన కట్టాం. ఆకాశం వైపు పోయే వెలుగంతా కిందికి మళ్లింది. చేను మీద ఇదివరకటికంటే బాగా పడుతోందని ఆయన రెండో బల్బుకు కూడా కట్టించుకున్నారు.

అపోహ: ఇది కాలక్షేపమే, దీనివల్ల విజ్ఞానానికి ఒరిగేదేమీ లేదు

ఈ మాట అన్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. 2009 జులై 19న గురుగ్రహాన్ని ఏదో ఢీకొట్టిన మచ్చను మొదట చూసింది ఆస్ట్రేలియాలోని అభిరుచి పరిశీలకుడు ఆంథొనీ వెస్లీ. 2016 సెప్టెంబరులో అర్జెంటీనాలో విక్టర్ బూసో తన ఇంటిపై కొత్త కెమెరాను పరీక్షిస్తూ ఒక నక్షత్రం పేలుతున్న తొలి క్షణాలను పట్టుకున్నారు. డ్రెక్స్‌లర్, స్ట్రాట్నర్, సెంటీ అనే ముగ్గురు అభిరుచి ఫొటోగ్రాఫర్లు వంద గంటలకు పైగా వెలుగు పోగుచేసి, ఆండ్రోమెడా పక్కనే ఎవరూ గమనించని, విల్లులా వంగిన ఆక్సిజన్ కాంతి చారను బయటపెట్టారు. లక్షల ఫొటోలున్న గెలాక్సీ పక్కన 2023 వరకు లోకానికి తెలియని వస్తువు అది!

మన నేలకూ ఈ చరిత్రలో చోటుంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో బ్రిటిష్ సైన్యాధికారి మేజర్ టెనెంట్ బృందం గాజు పలకల మీద ఫొటోలు తీసింది. సూర్యజ్వాలల కాంతిని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ విశ్లేషించిందీ ఆ రోజే, ఆ ఊళ్లోనే. హైదరాబాద్‌లో 1901లో మొదలైన నిజామియా వేధశాల ప్రపంచ నక్షత్ర పటం కోసం ఆకాశాన్ని గాజు పలకల మీదికి ఎక్కించింది.

గ్రహణమంటే ఒక్క హెచ్చరిక. సూర్యుడి వైపు తిప్పే ప్రతి లెన్సుకూ ముందు వైపున సౌర ఫిల్టరు ఉండాల్సిందే. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన గాజు వద్దు. ఇందులో బేరం లేదు.

అపోహ: క్లబ్బులో చేరాలంటే ఫిజిక్స్ చదివి, టెలిస్కోపు కొనుక్కుని రావాలి

మా దగ్గర బ్యాంకు ఉద్యోగి ఉన్నారు, దర్జీ ఉన్నారు, ఇంటర్ పిల్లలున్నారు. జాతకం చూస్తారేమోనని వచ్చినవారు కూడా ఒకరిద్దరు ఉండిపోయారు. నెలకోసారి డాబా మీద పరిశీలన, అమావాస్యకు దగ్గరి శనివారం ఊరి బయట రాత్రి, మార్చిలో ఒక్క రాత్రిలో ఖగోళ శాస్త్రవేత్త మెస్యే జాబితాలోని 110 ఖగోళ వస్తువులను వెతికే పందెం, వానాకాలంలో ఫొటోల ప్రాసెసింగ్ పాఠాలు. టెలిస్కోపు లేనివారు ఉన్నవారి దగ్గర నేర్చుకుంటారు. ట్రాకర్ ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకుంటారు. తప్పు కొనుగోళ్లు తప్పేది అక్కడే.

మొదటిసారి వచ్చేటప్పుడు ఎర్ర కాగితం చుట్టిన టార్చి తెచ్చుకోండి. చీకటికి కన్ను అలవాటుపడడానికి అరగంట పడుతుంది, ఒక్క తెల్లని టార్చి వేస్తే చుట్టుపక్కల అందరికీ మళ్లీ మొదటికొస్తుంది. ఫోను వెలుగు తగ్గించండి. కారు హెడ్‌లైట్లు పొలం మలుపు దగ్గరే ఆపేయండి. డిసెంబరు, జనవరుల్లో రెండు దాటాక లెన్సు మీద మంచు పడుతుంది. కెమెరా తెస్తే లెన్సుకు చుట్టే వెచ్చని పట్టీ కూడా తెండి, లేకపోతే మా దగ్గర ఒకటి అదనంగా ఉంటుంది. శాలువా, మంచినీళ్లు, ఒక చాప. పంచె ముక్క మేం ఇస్తాం.