కట్ట కింది నీటికి దారి: రిలీఫ్ వెల్స్ ఎలా వచ్చాయి?

రిజర్వాయరు నిండిన ఏడాది కట్ట దిగువ పొలాల్లో ఊట కనిపిస్తే ఊళ్లో కలవరం మొదలవుతుంది. కట్టకు బుంగ పడిందేమోనన్న భయం సహజం. అయితే మట్టికట్ట అన్నాక ఎంతో కొంత ఊరుతుంది. వచ్చే నీరు తేటగా ఉందా, మట్టినీ ఇసుకనూ వెంట తెస్తోందా అన్నదే అసలు చూడాల్సిన సంగతి. కట్ట దిగువన వరసగా తవ్వే రిలీఫ్ వెల్స్ (నీటి ఒత్తిడి తగ్గించే బావులు) పని కూడా అదే: నీటిని రానివ్వాలి, మట్టిని రానివ్వకూడదు. ఇంత చిన్నమాట ఇంజనీర్లకు తలకెక్కడానికి దశాబ్దాలు పట్టింది, కొన్ని కట్టడాలు కూలాయి కూడా.

ఆ పాఠం మొదలైంది మన ఉపఖండంలోనే. అవిభక్త పంజాబులో చీనాబ్ నది మీది ఖాంకీ ఆనకట్ట 1895లో దెబ్బతింది. గంగ మీది నరోరా ఆనకట్ట 1898లో విఫలమైంది. రెండూ ఇసుక మీద కట్టినవే. ఎగువన నిలిచిన నీరు పునాది కింది ఇసుకలోంచి దిగువకు దారి వెతుక్కుంటూ, పోతూ పోతూ ఆనకట్ట అడుగున పరిచిన గచ్చును కిందినుంచి పైకి నెడుతుంది. బయటపడే చోట వేగం మితిమీరితే ఇసుక రేణువులు లేచిపోతాయి. ఆ ఖాళీ వెనక్కి, ఎగువ వైపు పాకుతుంది. పైనుంచి చూసేవారికి చివరిదాకా ఏమీ కనిపించదు. అందుకే ఇది అంత ప్రమాదకరం.

రూర్కీ ఇంజనీరింగ్ కళాశాలలో క్లిబ్బర్న్ అనే ఇంజనీరు ఖాంకీ ఇసుకతోనే ప్రయోగాలు చేశాడు. 1910లో బ్లై అనే మరో ఇంజనీరు ఒక సులువైన లెక్క చెప్పాడు: పునాది కింద నీరు నడిచే దారి ఎంత పొడవైతే అంత భద్రం. పదిహేనేళ్లకు పైగా అదే వేదవాక్కు. ఆ లెక్కతో కట్టిన అప్పర్ చీనాబ్ కాలువ సైఫన్లలో (నీటిని అడ్డంకి కిందినుంచి దాటించే కట్టడాలు) 1920లలో ఇబ్బందులు తలెత్తాయి. ఇంజనీరు ఎ.ఎన్. ఖోస్లా గచ్చు కింద గొట్టాలు దింపి ఒత్తిడి కొలిచి చూస్తే, బ్లై లెక్కకూ వాస్తవానికీ పొంతన కుదరలేదు. 1936లో సహచరులు బోస్, టేలర్‌లతో కలిసి ఆయన తేల్చిందేమిటంటే, దారి పొడవు ఒక్కటే చాలదు, నీరు బయటపడే చోట దాని ఉరవడి ఎంతన్నది కీలకం. ఊహను పక్కనపెట్టి గొట్టం దింపి కొలవడమే ఈ శాస్త్రానికి పునాది అని నా నమ్మకం. ఈ ఖోస్లా తెలుగువారికి పరాయివాడు కాడు. నందికొండ ప్రాజెక్టుకు 1952లో అనుకూలంగా సిఫారసు చేసిన కమిటీకి అధ్యక్షుడు ఆయనే. తర్వాత అదే నాగార్జునసాగర్ అయింది.

బావుల ఆలోచన బలపడింది మాత్రం అమెరికాలో. మిసిసిపీ కరకట్టల వెంట పైన పలచని బంకమట్టి పొర, కింద లోతైన ఇసుక. వరదొస్తే ఇసుకలో ఒత్తిడి పెరిగి, బంకమట్టిని చీల్చుకుని ఇసుక కుతకుతలాడుతూ పైకి ఉబుకుతుంది. 1937 వరదలో ఈ బెడద బాగా కనిపించింది. కాపలా ఉన్నవాళ్లు ఉబికే చోటును మూసేసేవారు కాదు. మూస్తే నీరు మరోచోట తన్నుకొస్తుంది. అందుకని చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, లోపల నీటిమట్టం పెంచి, తేటనీరు మాత్రమే పొర్లేదాకా ఆగేవారు. రిలీఫ్ వెల్ చేసేది ఇదే పని, కాకపోతే ముందుగానే, పద్ధతిగా.

మిస్సోరీ నది మీది ఫోర్ట్ పెక్ డ్యామ్ 1940లో పూర్తయింది. కింది రాతిపొర దాకా ఉక్కు పలకలు దింపి అడ్డుగోడ కట్టారు. అయినా దిగువ పాదం దగ్గర ఒత్తిడి పెరిగింది. చివరికి అక్కడ బావులు వేయక తప్పలేదు. ఆ అనుభవాలను ఇంజనీర్లు మిడిల్‌బ్రూక్స్, జెర్విస్ 1947లో వివరంగా ప్రచురించారు.

బావి అంటే మనం నీళ్లు తోడుకునే బావి కాదు. ఇసుక పొరలోకి బోరు వేసి, సన్నని చీలికలున్న గొట్టం దించి, చుట్టూ కంకర, ఇసుకలతో ఫిల్టరు నింపుతారు. మోటారు ఉండదు. కిందనున్న ఒత్తిడే నీటిని పైకి తెస్తుంది, ఆ నీటిని కాలువలోకి మళ్లిస్తారు. ప్రాణమంతా ఆ ఫిల్టరులోనే ఉంది. గింజ పరిమాణం ముతకదైతే మట్టి జారిపోతుంది, మరీ సన్నదైతే నీరు ఆగిపోతుంది.

ఇవి వేశాక మొత్తం ఊట పెరుగుతుంది. "బావులు వేశాక లీకేజీ ఎక్కువైంది" అని జనం ఆందోళన పడటం అక్కడే. వాళ్లకు ముందే చెప్పాల్సిన బాధ్యత అధికారులది. అసలు కలవరపడాల్సింది నీరు తగ్గినప్పుడు. ఇనుము ఉన్న నీటిలో పెరిగే బ్యాక్టీరియా, సున్నపు పెచ్చు, సన్నమట్టి కలిసి గొట్టం చీలికలను పూడ్చేస్తాయి. జలాశయం మట్టం అలాగే ఉండి, బావి నీరు తగ్గి, పక్కనున్న పీజోమీటరులో (నేలలోని నీటి ఒత్తిడి కొలిచే గొట్టం) ఒత్తిడి పెరుగుతోందంటే బావి మూసుకుపోతున్నట్టే. పాత అమెరికా బావుల్లో వాడిన చెక్క గొట్టాల స్థానంలో తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలువి వచ్చినా, కడిగి శుభ్రం చేసే అవసరం పోలేదు.

2023 అక్టోబరు 21న గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ కారణాల్లో ఒకటిగా ఎత్తిచూపింది. కొద్ది రోజులకే అన్నారం బ్యారేజీలోనూ ఊటలు బయటపడ్డాయి. బ్యారేజీ సమస్యకు మట్టికట్టల బావులే మందు అనడం లేదు. కానీ కింద జరిగేది ఖాంకీలో జరిగిందే.

మన దగ్గర ప్రమాణాలకు కొరత లేదు. రిలీఫ్ వెల్స్ రూపకల్పన, నిర్మాణంతోపాటు నిర్వహణకూ ఐఎస్ 5050 అనే భారతీయ ప్రమాణం ఉంది. 2021 డ్యామ్ భద్రతా చట్టం వానలకు ముందూ తర్వాతా తనిఖీలు తప్పనిసరి చేసింది. ఏ రిజర్వాయరు దిగువనైనా బావులు వేస్తున్నామంటే, ప్రతి బావికీ మొదటిరోజు ఎంత నీరు వచ్చిందో, ఏటా ఎంత వస్తోందో, ఏ మట్టం దగ్గర కొలిచారో రాసిన రిజిస్టరు దిగువ గ్రామాలకు అందుబాటులో ఉండాలి. టెండరులోనే నిర్వహణ ఖర్చు చేర్చాలి.