తొమ్మిది వేల అడుగుల ఎత్తున టెంటు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలతో కలిసి చాలా ఏళ్లుగా వేసవిలో డిల్లన్ రిజర్వాయర్ దగ్గర టెంట్లు వేస్తున్నాను. కొత్తగా వచ్చేవాళ్లు ఏం తెచ్చుకోవాలని అడుగుతారు. నేను మాత్రం ముందు ఒక అంకె చెబుతాను: 9,017 అడుగులు. చెరువు నిండినప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి అంత ఎత్తున ఉంటుంది. తూర్పు కనుమల్లో అతి ఎత్తైన శిఖరం కూడా 5,600 అడుగులు దాటదు. డెన్వర్ ఊరే దాదాపు అంత ఎత్తున ఉంది, డిల్లన్ దాని మీద ఇంకో 3,700 అడుగులు. అక్కడ పడే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ ఎత్తును లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే వస్తాయి.

అపోహ: జూలైలో వెళ్తున్నాం కదా, ఒక దుప్పటి చాలు.

డెన్వర్‌లో పగలు 90 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న వారంలోనే డిల్లన్‌లో తెల్లవారుజామున 40 లోపుకు దిగడం మామూలే. ఎత్తు పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది, అది అందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. రాత్రిపూట చల్లగాలి బరువెక్కి కొండవాలు నుంచి కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. చెరువు ఉండేదే పల్లంలో. అందుకే నీళ్ల ఒడ్డున వేసిన టెంటు కంటే కాస్త మెరకలో, చెట్ల మధ్య వేసిన టెంటు వెచ్చగా ఉంటుంది. ఫొటోకు మొదటిది బాగుంటుంది, నిద్రకు రెండోది.

స్లీపింగ్ బ్యాగ్ మీద రాసిన డిగ్రీల అంకెను నమ్మి మోసపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక షాపులో 30 డిగ్రీల ఫారన్‌హీట్ అని రాసున్న బ్యాగ్ కొని, 36 డిగ్రీల రాత్రి తెల్లారేదాకా వణికాను. చాలా బ్యాగుల మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె సుఖంగా నిద్రపోయే చలి కాదు, ముడుచుకుని పడుకుని ఎలాగోలా తట్టుకునే చలి. లేబుల్ మీద 'కంఫర్ట్' అని విడిగా రాసిన అంకె వెతకండి. అది సాధారణంగా పది డిగ్రీల దాకా ఎక్కువే ఉంటుంది.

అపోహ: చలి పైనుంచి వస్తుంది కాబట్టి పైన ఎక్కువ కప్పుకోవాలి.

దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి, పిల్లలు ఇబ్బందిపడేది ఇక్కడే. ఒక వేసవి రాత్రి మూడింటికి పక్క టెంటులోంచి ఏడుపు వినిపించి వెళ్లాను. ఆరేళ్ల పాప, మీద రెండు రజాయిలు, కింద అడుగు మందం గాలి పరుపు. పరుపు మీద చెయ్యి పెడితే రాయిలా చల్లగా ఉంది. లోపల ఖాళీగా ఉన్న గాలి నేలలోని చలిని పట్టుకుని, అటూ ఇటూ తిరుగుతూ, ఒంట్లోని వేడిని లాగేస్తోంది. పైనున్న రజాయిల్లో ఒకటి తీసి నాలుగు మడతలు వేసి పాప కింద పరిచాం. దాని మీద జంపఖానా. పది నిమిషాల్లో పాప నిద్రపోయింది.

ఇంట్లో చుట్టాలొస్తే వేసే గాలి పరుపు ఈ ఎత్తులో పనికిరాదు. క్యాంపింగ్ మ్యాట్ కొనేటప్పుడు ఆర్-వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, చలిని ఆపే శక్తికి కొలత. డిల్లన్ వేసవి రాత్రులకు నేను 4కు తగ్గనివ్వను. డబ్బు తక్కువుంటే గాలి కొట్టే పనిలేని చౌక ఫోమ్ మ్యాట్లు రెండు ఒకదానిమీద ఒకటి వేసుకోండి.

అపోహ: టెంటు జిప్పులన్నీ బిగిస్తే వెచ్చగా ఉంటుంది.

నలుగురు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరిలోని తేమ ఎటుపోవాలి? చల్లటి టెంటు గుడ్డకు తగిలి నీళ్లవుతుంది, పొద్దున్నే మొహం మీద చినుకులు పడతాయి. వాన కురిసిందనుకుంటారు, కురవలేదు. బ్యాగ్ తడిస్తే అసలు చలి అప్పుడు మొదలవుతుంది. పైనున్న గాలి కిటికీలు కొంచెమైనా తెరిచి ఉంచండి.

ఇంతకంటే ప్రాణం మీదికి తెచ్చేది ఇంకొకటి. ఒకసారి ఒక మిత్రుడి నాన్నగారు భోజనాలయ్యాక మిగిలిన బొగ్గులు పళ్లెంలోకి ఎత్తి టెంటులోకి తీసుకెళ్తున్నారు.

"చలికాలంలో మా ఇంట్లో కుంపటి పెట్టుకునే పడుకునేవాళ్లం బాబూ, ఏం కాదు" అన్నారు.

"బాబాయ్‌గారూ, అది పెంకుటిల్లు, పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. ఇక్కడ ఆడదు. దయచేసి బయట పెట్టేయండి" అని చేతిలోంచి తీసుకున్నాను.

బొగ్గుల నుంచి, గ్యాస్ స్టవ్ నుంచి, హీటర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లు మేలుకోరు. నిప్పు ఏ రూపంలోనూ టెంటులోకి రాకూడదు, గుమ్మం దగ్గర కూడా వద్దు. వేడి కావాలంటే మూత గట్టిగా బిగిసే సీసాలో వేడినీళ్లు పోసి, సాక్సులో పెట్టి, కాళ్ల దగ్గర ఉంచుకోండి.

అపోహ: పప్పు మామూలుగానే ఉడుకుతుంది, కాస్త మంట పెంచితే సరి.

ఆ ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు సుమారు 91 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. మంట ఎంత పెంచినా నీటి వేడి అంతకు మించదు, గ్యాస్ ఖర్చవుతుంది అంతే. మూతపెట్టిన గిన్నెలో కందిపప్పు రెండు గంటలైనా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ తీసుకెళ్లండి. అందులోనూ ఇంట్లో మూడు విజిల్స్ చాలితే అక్కడ ఐదారు రానివ్వండి, చుట్టూ ఉన్న ఒత్తిడే తక్కువ కాబట్టి కుక్కర్ లోపలా వేడి కొంత తగ్గుతుంది. మేమైతే మొదటి రాత్రికి పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే కట్టుకెళ్తాం.

ఇదే కారణంతో తాగునీరు మరిగించే లెక్క కూడా మారుతుంది. వాగు నీళ్లు అద్దంలా కనిపిస్తున్నాయని తాగొద్దు, కడుపు పాడుచేసే జియార్డియా అనే సూక్ష్మజీవి కంటికి కనిపించదు. మామూలు చోట ఒక నిమిషం మరిగిస్తే చాలు, 6,500 అడుగులు దాటితే మూడు నిమిషాలు తెర్లనివ్వాలి.

అపోహ: ఇంత పెద్ద చెరువు, పిల్లలు ఈదొచ్చు, గిన్నెలు కడుక్కోవచ్చు.

డిల్లన్ సరదా కోసం కట్టింది కాదు. డెన్వర్ వాటర్ సంస్థ 1963లో పూర్తి చేసింది. పాత డిల్లన్ ఊరిని తరలించి ఆ లోయను నింపారు. ఈ నీళ్లు రాబర్ట్స్ సొరంగం ద్వారా 23 మైళ్లు కొండల కిందుగా వెళ్లి డెన్వర్ కుళాయిల్లోకి చేరతాయి. మనం టెంటు వేసుకునేది ఒక మహానగరపు మంచినీళ్ల చెరువు గట్టున. ఈత నిషేధం. పడవ ఎక్కొచ్చు, లైఫ్ జాకెట్ తప్పదు. కరిగిన మంచు నీళ్లు కాబట్టి పడవలోంచి పడితే మొదటి నిమిషంలోనే ఊపిరి ఎగబీలుస్తుంది, బాగా ఈదేవాళ్లకు కూడా. 'ప్రకృతికి హాని చేయదు' అని రాసిన సబ్బు కూడా నీళ్లలో కలపకూడదు. గిన్నెలు ఒడ్డుకు కనీసం 200 అడుగుల దూరంలో కడగండి, అన్నం మెతుకులు వడగట్టి చెత్తసంచిలో వేయండి.

అపోహ: ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎత్తు ఏమీ చేయదు.

రోజూ పరుగెత్తే కుర్రాడు తలనొప్పితో పడుకోవడం, అరవై దాటిన ఆవిడ హాయిగా తిరగడం రెండూ చూశాను. కసరత్తుకూ దీనికీ సంబంధం లేదు. హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు దిగిన మర్నాడే ఇక్కడికి తీసుకురాకండి. రెండు రాత్రులు డెన్వర్‌లో ఉంచి తీసుకురండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే డాక్టర్‌ను అడిగాకే. తలనొప్పి, వికారం తగ్గకుండా పెరుగుతుంటే మాత్ర వేసి పడుకోబెట్టడం కాదు, రాత్రైనా సరే కిందికి దిగాలి.

ఎలుగుబంట్ల విషయం త్వరగా చెప్పేస్తాను. కొలరాడోలో ఉన్నవి బ్లాక్ బేర్‌లే, గోధుమరంగులో కనిపించినా అవే. మసాలా ఘాటుకు రావనేది వట్టిమాట. ఆవకాయ సీసా, టూత్‌పేస్ట్, చంటిపిల్ల పాలసీసా, అన్నీ తాళం వేసిన కారులోనో ఇనుప పెట్టెలోనో ఉండాలి. టెంటులో బిస్కెట్ ముక్క కూడా వద్దు.

జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటాక మబ్బులు కమ్ముతాయి. ఉరుము వినగానే అందరూ కారులోకి. టెంటు పిడుగును ఆపదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

అపోహ: నేషనల్ పార్క్ పాస్ ఉంది కాబట్టి క్యాంపింగ్ ఉచితం.

ఇది నేషనల్ పార్క్ కాదు, వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్. అది వ్యవసాయ శాఖ కింద పనిచేసే ఫారెస్ట్ సర్వీస్‌ది. పాస్ ప్రవేశ రుసుముకే, రాత్రి బసకు కాదు. హీటన్ బే, పీక్ వన్ లాంటి చోట్ల వేసవి శనివారాలకు చాలా నెలల ముందే బుక్ చేసుకోవాలి. టెంటు వేసేముందు ఒకసారి తలెత్తి చూడండి. బెరడు పురుగు తిని నిలువునా ఎండిన పైన్ చెట్లు ఈ అడవిలో చాలా ఉన్నాయి, గాలికి అవి ఎప్పుడు కూలతాయో చెప్పలేం. ఆ పురుగు కట్టెల్లో దాక్కుని ప్రయాణం చేస్తుంది కాబట్టి ఇంటి నుంచి కట్టెలు తేకండి, అక్కడే కొనండి.

అపోహ: మంట కనిపించకపోతే ఆరిపోయినట్టే.

బూడిద కింద నిప్పు మర్నాటిదాకా బతికే ఉంటుంది. బయల్దేరే రోజు టెంట్లు విప్పకముందే మేం బకెట్‌తో నీళ్లు పోస్తాం. చుయ్‌మన్న చప్పుడు ఆగాక కట్టెతో అడుగుదాకా కెలికి, మళ్లీ పోస్తాం. అప్పుడు అరచేతి వెనకభాగం బూడిదకు దగ్గరగా పెట్టి చూస్తాం, వెచ్చదనం తగిలితే ఇంకో బకెట్. ఈ ఆఖరి పని పిల్లలకు అప్పగిస్తాం. వాళ్లు చెయ్యి పెట్టి "చల్లగా ఉంది అంకుల్" అన్నాకే కార్లు కదులుతాయి.