తాళం వేరు, లక్కముద్ర వేరు

దొంగతనం జరిగిన మర్నాడు కిరాణా కొట్టు యజమాని పైఅరలోని డీవీఆర్ (సీసీ కెమెరా రికార్డింగులు దాచే పెట్టె) దుమ్ము దులిపి, కావలసిన పది నిమిషాల ఫుటేజి వెతికి వాట్సాప్‌లో పంపిస్తాడు. బొమ్మ బాగానే కనబడుతుంది. కానీ మామూలు వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. కంటికి పెద్ద తేడా తెలియదు. లెక్క ప్రకారం అది వేరే ఫైలు.

ఆ లెక్క పేరు హ్యాష్. ఎంత పెద్ద ఫైలైనా సరే, షా-256 పద్ధతిలో దానికి 256 బిట్ల విలువ ఒకటి వస్తుంది. రాస్తే అంకెలూ అక్షరాలూ కలిపి 64. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ విలువలో దాదాపు సగం బిట్లు తారుమారవుతాయి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ అనే సాక్ష్యాల చట్టం, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఈ విలువ రాయమంటోంది. మంచిదే. అయితే అది చెప్పేది, లెక్క కట్టిన క్షణం నుంచి ఫైలు మారలేదని మాత్రమే. అంతకుముందే ఎవరైనా దిద్ది ఉంటే, దిద్దినదానికే శుభ్రంగా హ్యాష్ వస్తుంది.

‘మా రికార్డింగ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందండీ’ అని ధీమాగా చెప్పేవారున్నారు. కీ లేనివారు చూడలేకుండా ఫైలును మార్చేసే ఎన్‌క్రిప్షన్ బీరువా తాళం లాంటిది. హార్డ్ డిస్కు ఎత్తుకుపోయినవాడికి వీధిలోవాళ్ల రాకపోకలు కనబడకుండా కాపాడుతుంది. ఆ మేరకు తప్పనిసరి కూడా. తాళంచెవి ఉన్నవాడే లోపల మార్పులు చేస్తే? అది పట్టించేది లక్కముద్ర, అంటే డిజిటల్ సంతకం. ఆ ముద్ర పోలీస్ స్టేషన్లో కాదు, కెమెరాలోనే పడాలి.

వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఒక పూర్తి బొమ్మ, దాని వెనుక మారిన భాగాలు మాత్రమే ఉన్న ఫ్రేములు కొన్ని: ఇదొక గుంపు. కెమెరా ఒక్కో గుంపుకు హ్యాష్ కట్టి, తన చిప్పులో దాచిన రహస్య కీతో సంతకం చేసి, ఆ సంతకాన్ని వీడియోలోనే ఇముడుస్తుంది. పక్క గుంపుతో ముడి కూడా వేస్తుంది. స్వీడన్ సంస్థ యాక్సిస్ ఇలాంటి పద్ధతినే ఓపెన్ సోర్సుగా, అంటే కోడ్ అందరికీ కనిపించేలా విడుదల చేసింది. మల్లెదండలోంచి మూర కోసినా పూలు రాలవు కదా, అలాగే రోజంతటి ఫుటేజిలోంచి పది నిమిషాలు కోసినా ఆ ముక్కలోని సంతకాలు నిలుస్తాయి. మధ్యలో ఒక పువ్వు లాగేస్తే మాత్రం ముడి తెగి బయటపడుతుంది. ఆ రహస్య కీకి జోడీగా బయటివారికి ఇచ్చే బహిరంగ కీ ఉన్నవారెవరైనా సరిచూసుకోవచ్చు.

దారినపోయేవారి ముఖాలు మసకబరిస్తే మాత్రం సంతకం పోతుంది. అందుకే అసలు కాపీని అలాగే ఉంచాలి.

ఇంతా చేసి, కెమెరా గడియారం పన్నెండు నిమిషాలు ముందు నడుస్తోందనుకోండి. తొమ్మిదింటికి వచ్చిన దొంగ తొమ్మిదీ పన్నెండుకు వచ్చాడనే కెమెరా సంతకం పెడుతుంది.